నిర్జీవమా, నిద్రాణమా? అంటార్కిటికా పొడి లోయలలో మృత్తికా పరిశోధన

అంటార్కిటికాలో మంచు కప్పని ఎడారి కూడా ఉన్నది. మెక్‌మర్డో పొడి లోయలుగా ప్రసిద్ధమైన ఈ ప్రాంతానికి హిమప్రవాహం చేరకుండా పర్వతశ్రేణి అడ్డుపడుతుంది. పీఠభూమి నుండి వీచే పొడిగాలులు కురిసిన కొద్దిపాటి మంచును కూడా ఆవిరి చేస్తాయి. నేలలు ముతక ఇసుకతో, గులకరాళ్ళతో నిండి, లవణ సాంద్రత అధికంగా, సేంద్రియ కర్బనం అత్యల్పంగా కలిగి ఉంటాయి.

1903లో టేలర్ లోయను చూచిన స్కాట్ బృందానికి అక్కడ జీవం కానరాలేదు. కొన్ని మట్టి నమూనాలలో సూక్ష్మజీవులు వృద్ధి చెందనందున ఈ నేలలు నిర్జీవమన్న వాదం తరువాత కూడా వినిపించింది. అయితే స్కాట్నెమా లిండ్సేయే అనే నులిపురుగు ఇక్కడ విస్తారంగా ఉన్నది. తేమ కొరవడినప్పుడు ఇది దేహంలోని నీటిని దాదాపు పూర్తిగా కోల్పోయి, చుట్ట చుట్టుకొని నిద్రాణస్థితికి చేరుతుంది. నీరు తగిలిన పిమ్మట మరల చలిస్తుంది.

క్షేత్రకార్యం స్వల్పకాలిక వేసవికే పరిమితం. శాస్త్రవేత్తలు మెక్‌మర్డో కేంద్రం నుండి హెలికాప్టరులో లోయలకు చేరి, పైపొర నుండి 10 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని శుభ్రమైన గరిటెలతో తీసి, సంచులలో భద్రపరచి ప్రయోగశాలకు తెస్తారు. అక్కడ చక్కెర ద్రావణం సహాయంతో నులిపురుగులను వేరుచేసి లెక్కిస్తారు. పాదముద్రలు ఏళ్ళ తరబడి చెరగవు కనుక నిర్దిష్టమైన దారులలోనే నడుస్తారు. మానవ వ్యర్థాలను సైతం వెనుకకు తెస్తారు. పరిశోధకుని రాకయే ఫలితాన్ని మార్చే ప్రమాదం ఇచట ఉన్నది.

అంతకంటె కఠినమైన సమస్య కాలానిది. 1986–2000 మధ్య ఈ లోయలు దశాబ్దానికి 0.7 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడగా, నేలలోని అకశేరుకాల సంఖ్య ఏటా 10 శాతానికి పైగా తగ్గినట్లు నమోదైంది. 2001–02 వేసవిలో అసాధారణమైన వేడికి హిమానీనదాలు కరిగి వాగులు పొంగాయి. తేమను కోరే యూడోరిలైమస్ అనే నులిపురుగు అటుపిమ్మట పెరిగింది. స్కాట్నెమా మాత్రం కోలుకోలేదు. ఒకే మార్పుకు రెండు జీవులు భిన్నంగా స్పందించాయన్నమాట. 1993లో ఆరంభమైన దీర్ఘకాలిక పరిశోధన లేకుంటే ఈ సంగతి తెలిసేది కాదు.

మరొక ప్రయోగంలో, సుమారు 20 ఏళ్ళుగా ఎండిన వాగు పాయలోకి నీటిని మళ్ళించారు. అందులోని సూక్ష్మజీవుల పొరలు వారం రోజులలోనే పెరుగుదల కనబరచాయి. అంతకు ముందు ఆ పాయను పరీక్షించినవారు దానిని మృతప్రాయమని నిర్ధారించి ఉండేవారేమో.

కనుక ఒక్క ఋతువులో తీసిన నమూనా ఆనాటి స్థితిని మాత్రమే తెలుపుతుంది. నేల శక్తిని తెలుపదు. మెట్ట నేలలపై తీర్పు చెప్పే ముందు, అదే మడిలో, అదే పద్ధతిలో, పలు సంవత్సరాలు కొలిచామా అన్న ప్రశ్నను మనము కూడా వేసుకోవలసి ఉన్నది.