పగడాల అక్వేరియం

పగడాల అక్వేరియం అనగా సజీవ పగడాలను, వాటి నడుమ జీవించే చేపలు, నత్తలు, రొయ్యలు మొదలైన వాటితో కలిపి ఉప్పునీటిలో పెంచే తొట్టి. దీనిని రీఫ్ ట్యాంక్ అని కూడా అంటారు. చేపలను మాత్రమే పెంచే ఉప్పునీటి తొట్టి కంటే దీని నిర్వహణ కష్టమైనది. నీటిలో వచ్చే చిన్న మార్పులను చాలా చేపలు ఓర్చుకోగలవు గాని, పగడాలు ఓర్చుకోలేవు. అంతేగాక రాతి పగడాలు తమ అస్థిపంజరానికి కావలసిన కాల్షియంను, కార్బొనేటును నీటినుండే తీసుకుంటాయి. అందువలన అవి ఎంత బాగా పెరిగితే నీటి రసాయన స్వభావం అంత త్వరగా మారుతుంది. ఆ మార్పును కొలిచి, తగ్గినదానిని తగ్గిన మేరకే నెమ్మదిగా తిరిగి చేర్చడం ఈ తొట్టి నిర్వహణలో ప్రధానమైన పని.

నేపథ్యం

పగడపు దిబ్బలు ఎక్కువగా ఉష్ణమండల సముద్రాలలో, సూర్యకాంతి చేరే లోతులలో ఏర్పడతాయి. పగడపు జీవి కణజాలంలో జూజాంతెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. ఇవి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారాన్ని తయారుచేసి అందులో ఎక్కువ భాగాన్ని పగడానికి అందిస్తాయి. నీరు మితిమీరి వేడెక్కినపుడు పగడం ఈ శైవలాలను కోల్పోయి తెల్లబడుతుంది. దీనిని బ్లీచింగ్ అంటారు. ఆ స్థితి ఎక్కువ కాలం కొనసాగితే పగడం మరణిస్తుంది.

సముద్రంలో నీటి పరిమాణం అపారం కాబట్టి దాని లవణీయత, క్షారత ఒక్క రోజులో పెద్దగా మారవు. 200 లీటర్ల తొట్టిలో అలా కాదు. నాలుగు లీటర్ల నీరు ఆవిరైనా, ఒక చేప చనిపోయి కుళ్ళినా, రెండు గంటలు విద్యుత్తు లేకపోయినా ఆ ప్రభావం వెంటనే కనిపిస్తుంది.

చరిత్ర

ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు నీరు, సజీవ శిలలు, గాలి బుడగలు మాత్రమే ఉపయోగించి పగడాలను పెంచే పద్ధతిని 1961లో ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. సజీవ శిల అనగా బాక్టీరియా, శైవలాలు, చిన్న జీవులు నివాసం ఏర్పరచుకున్న సముద్రపు రాయి. 1970వ దశకంలో జర్మన్ భాషా రచయిత పీటర్ విల్కెన్స్ కాల్షియం కోసం సున్నపు తేటను వాడే విధానాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సజీవ శిలలు, ప్రోటీన్ స్కిమ్మరు, బలమైన కాంతి, సున్నపు తేట కలిసిన విధానం బెర్లిన్ పద్ధతిగా పేరుపొందింది. 1980లో వాల్టర్ ఆడే పర్యవేక్షణలో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలో పగడపు దిబ్బ నమూనా ప్రదర్శనకు వచ్చింది. 1986లో జార్జ్ స్మిట్ వ్రాసిన వ్యాసాలతో ఈ అభిరుచి అమెరికాలో ఇళ్ళలోకి వ్యాపించింది.

నీటి రసాయన లక్షణాలు

పగడాల తొట్టిలో సాధారణంగా పాటించే విలువలు ఇవి:

* ఉష్ణోగ్రత: 24 నుండి 27 డిగ్రీల సెల్సియస్
* లవణీయత: వెయ్యికి 35 భాగాలు
* క్షారత: 7 నుండి 11 జర్మన్ డిగ్రీలు (సముద్రంలో సుమారు 6.5 నుండి 7)
* కాల్షియం: లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాములు (సముద్రంలో సుమారు 420)
* మెగ్నీషియం: లీటరుకు 1250 నుండి 1350 మిల్లీగ్రాములు
* పీహెచ్: 7.8 నుండి 8.4
* నైట్రేటు: లీటరుకు 2 నుండి 10 మిల్లీగ్రాములు
* ఫాస్ఫేటు: లీటరుకు 0.03 నుండి 0.1 మిల్లీగ్రాములు
* అమ్మోనియా, నైట్రైటు: పరీక్షలో కనిపించరాదు

ఈ హద్దులలో ఏ అంకెను ఎంచుకున్నా పగడాలు బ్రతుకుతాయి. అయితే ఎంచుకున్న అంకె వద్ద నీరు నిలకడగా ఉండాలి. క్షారత ఎల్లప్పుడూ 8 వద్ద ఉన్న తొట్టి, వారం వారం 7కు, 11కు మధ్య ఊగిసలాడే తొట్టి కంటే మేలైనది.

లవణీయత

నీరు ఆవిరైనపుడు ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. 35 లవణీయత గల 200 లీటర్ల నీటినుండి రోజుకు 4 లీటర్లు ఆవిరైతే, ఐదు రోజులలో 180 లీటర్లు మిగిలి లవణీయత సుమారు 39కి చేరుతుంది. కాబట్టి ఆవిరైన నీటికి బదులుగా ఉప్పునీరు కాక, శుద్ధిచేసిన మంచినీరే పోయాలి. కొత్తవారు ఇక్కడ పొరపడి ఉప్పునీరు పోసి లవణీయతను ఇంకా పెంచడం తరచుగా జరుగుతుంది. లవణీయతను రిఫ్రాక్టోమీటరుతో కొలుస్తారు. ఈ పరికరాన్ని 35 లవణీయత గల ప్రామాణిక ద్రావణంతో అప్పుడప్పుడు సరిచూడాలి.

క్షారత, కాల్షియం

ఆమ్లాన్ని తటస్థీకరించగల నీటి సామర్థ్యాన్ని క్షారత అంటారు. సముద్రపు నీటిలో ఇది ముఖ్యంగా బైకార్బొనేటు, కార్బొనేటు అయాన్లవలన కలుగుతుంది. పగడాలు కాల్షియంను, వీటిని కలిపి కాల్షియం కార్బొనేటు అస్థిపంజరాన్ని నిర్మించుకుంటాయి. ఈ వినియోగం ఒక స్థిరమైన నిష్పత్తిలో జరుగుతుంది. క్షారత 2.8 డిగ్రీలు తగ్గినపుడు కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు తగ్గుతుంది.

ఒక తొట్టిలో క్షారత 9 డిగ్రీలు, కాల్షియం 420 ఉన్నాయనుకుందాం. పగడాలు రోజుకు 1 డిగ్రీ క్షారతను వాడుకుంటే నాలుగు రోజులకు క్షారత 5కు పడిపోతుంది. అదే సమయంలో కాల్షియం 391 వరకు మాత్రమే తగ్గుతుంది. అంటే క్షారత దాదాపు సగం పోయినా కాల్షియంలో పోయినది ఏడు శాతమే. కాల్షియంను మాత్రమే పరీక్షించేవారికి ఆ నీరు దాదాపు బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది, పగడాలు మాత్రం అప్పటికే దెబ్బతింటూ ఉంటాయి. అందువలన అన్నిటికంటే తరచుగా పరీక్షించవలసినది క్షారతనే.

తగ్గినవాటిని తిరిగి చేర్చడానికి మూడు పద్ధతులు వాడుకలో ఉన్నాయి.

* సున్నపు తేట: కాల్షియం హైడ్రాక్సైడును నీటిలో కలిపి, అడుగున పేరుకున్నది వదలి, పై తేటను ఆవిరైన నీటి స్థానంలో బొట్లుబొట్లుగా చేర్చడం. ఇది కాల్షియంను, క్షారతను సరైన నిష్పత్తిలోనే ఇస్తుంది. దీని పీహెచ్ 12 దాటి ఉంటుంది కాబట్టి ఒకేసారి పోస్తే తొట్టిలోని జీవులన్నీ చనిపోవచ్చు. తాంబూలపు సున్నం శుద్ధత తెలియదు కాబట్టి దానిని వాడరాదు.
* రెండు ద్రావణాల పద్ధతి: ఒకదానిలో కాల్షియం క్లోరైడు, మరొకదానిలో సోడియం బైకార్బొనేటు లేదా సోడియం కార్బొనేటు ఉంటాయి. 200 లీటర్ల నీటిలో క్షారతను 1 డిగ్రీ పెంచడానికి సుమారు 6 గ్రాముల సోడియం బైకార్బొనేటు, అనగా శుద్ధమైన వంట సోడా, సరిపోతుంది. దానికి సరితూగే కాల్షియం కోసం సుమారు 5.2 గ్రాముల కాల్షియం క్లోరైడు డైహైడ్రేటు కావాలి. రెంటినీ ఒకేచోట, ఒకేసారి పోస్తే సుద్దలా తెల్లని అవక్షేపం ఏర్పడి రెండూ వృథా అవుతాయి. బేకింగ్ పౌడరులో ఆమ్ల పదార్థాలు కూడా ఉంటాయి కాబట్టి దానిని వాడరాదు.
* కాల్షియం రియాక్టరు: పగడపు రాతి ముక్కలు నింపిన గొట్టంలోకి కార్బన్ డయాక్సైడును పంపి, ఆ ఆమ్ల నీటిలో రాయి కరిగేటట్లు చేయడం. ఇది పెద్ద తొట్లకు అనుకూలం.

మోతాదు లెక్కించేటపుడు తొట్టి కొలతను కాక, రాళ్ళు ఆక్రమించిన భాగం పోగా మిగిలిన నీటి పరిమాణాన్ని తీసుకోవాలి. పడిపోయిన క్షారతను ఒక్కసారిగా పూర్వస్థితికి తేవడం కూడా ప్రమాదకరమే. రోజుకు సుమారు 1 డిగ్రీకి మించి పెంచకపోవడం మంచిది.

మెగ్నీషియం

నీటిలోని కాల్షియం కార్బొనేటు దానంతటదే స్ఫటికంగా మారి పంపులకు, హీటరుకు అంటుకోకుండా మెగ్నీషియం అడ్డుకుంటుంది. కాల్షియం, క్షారత ఎంత చేర్చినా పెరగకపోతే మొదట మెగ్నీషియంను పరీక్షించాలి.

పీహెచ్

పగలు కిరణజన్య సంయోగక్రియవలన పీహెచ్ పెరిగి, రాత్రి శ్వాసక్రియవలన తగ్గుతుంది. ఇది సహజం. తలుపులు మూసిన గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడు చేరి కూడా పీహెచ్ తగ్గుతుంది. అపుడు క్షార పదార్థాలు పోస్తే పీహెచ్ కొద్దిసేపే పెరుగుతుంది, క్షారత మాత్రం హద్దు దాటిపోతుంది. కిటికీ తెరవడం, స్కిమ్మరుకు బయటి గాలిని గొట్టం ద్వారా అందించడం దీనికి సరైన పరిష్కారాలు.

నైట్రేటు, ఫాస్ఫేటు

చేపల విసర్జన, మిగిలిన ఆహారం కుళ్ళి అమ్మోనియా ఏర్పడుతుంది. సజీవ శిలలపై, ఇసుకలో ఉండే బాక్టీరియా దీనిని నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా వృద్ధిచెందడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు జీవులను వేయరాదు. ఫాస్ఫేటు ఎక్కువైతే నాచు పెరిగి, పగడాల అస్థిపంజర నిర్మాణం మందగిస్తుంది. అయితే ఈ రెండూ బొత్తిగా లేకపోవడం కూడా హానికరమే. పగడాలు పాలిపోతాయి, డైనోఫ్లాజెల్లేట్ అనే జిగురు జీవులు తొట్టినంతా కప్పివేయవచ్చు.

పరికరాలు

* నీటి శుద్ధి యంత్రం: కుళాయి నీటిలో క్లోరిన్, ఫాస్ఫేటు, రాగి వంటివి ఉండవచ్చు. రాగి అకశేరుకాలకు విషం. రివర్స్ ఆస్మాసిస్, ఆపై అయాన్లను తొలగించే రెసిన్ గుండా పంపిన నీటినే వాడతారు. టీడీఎస్ మీటరులో విలువ సున్నా నుండి పెరగడం మొదలైతే రెసిన్ మార్చాలి.
* ప్రోటీన్ స్కిమ్మరు: సన్నని గాలి బుడగలకు సేంద్రియ పదార్థాలు అంటుకొని నురుగుగా పైకి వచ్చి గిన్నెలో చేరతాయి. నీటికి ఆమ్లజని కూడా అందుతుంది. గిన్నెను, దాని మెడను వారానికి ఒకటి రెండుసార్లు కడగాలి.
* సంప్: ప్రధాన తొట్టి కింద ఉంచే మరొక తొట్టి. పరికరాలను ఇందులో అమరుస్తారు. విద్యుత్తు ఆగినపుడు పైనుండి దిగివచ్చే నీరు పట్టేటంత ఖాళీ ఇందులో ఉండాలి.
* ప్రవాహ పంపులు: పగడాలు కదలలేవు కాబట్టి ఆహారాన్ని తేవడం, వ్యర్థాలను తొలగించడం నీటి కదలిక ద్వారానే జరగాలి. పంపులపై పేరుకునే సున్నపు పెచ్చును కొన్ని నెలలకొకసారి పలుచని వెనిగరులో నానబెట్టి తొలగిస్తారు.
* దీపాలు: ప్రస్తుతం ఎక్కువగా ఎల్ఈడీ దీపాలు వాడుతున్నారు. కొత్త దీపాల కాంతిని కొన్ని వారాలపాటు క్రమంగా పెంచాలి.
* హీటరు, చిల్లరు: థర్మోస్టాటు బిగుసుకుపోయిన హీటరు తొట్టిని ఉడికించగలదు. అందుకే వేరొక నియంత్రకాన్ని కూడా అమర్చుతారు. వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వంటి ప్రాంతాలలో హీటరు కంటే చిల్లరే ముఖ్యం. ఫ్యాను గాలితో కూడా కొంత చల్లబడుతుంది గాని నీరు ఎక్కువగా ఆవిరవుతుంది.
* స్వయంచాలక నీటి పూరకం: నీటిమట్టం తగ్గగానే మంచినీరు చేర్చే పరికరం. దీని మీట ఇరుక్కుపోతే పాత్రలోని నీరంతా తొట్టిలో చేరుతుంది. అందువలన ఆ పాత్ర పెద్దదిగా ఉండరాదు.

నిర్వహణ క్రమం

ప్రతిరోజు ఉష్ణోగ్రతను, నీటిమట్టాన్ని, పగడాలు విచ్చుకున్న తీరును గమనించాలి. క్షారతను వారానికి రెండుసార్లు, కాల్షియం, నైట్రేటు, ఫాస్ఫేటులను వారానికొకసారి, మెగ్నీషియంను నెలకొకసారి పరీక్షించి విలువలను పుస్తకంలో వ్రాసిపెట్టాలి. విడి అంకె కంటే అంకెల క్రమమే సమస్యను ముందుగా తెలుపుతుంది. ఏదైనా పరీక్షలో వింత విలువ వస్తే, మందు పోసేముందు పరీక్షను మరొకసారి చేయాలి.

వారానికి లేదా రెండు వారాలకొకసారి పది శాతం నీరు మార్చడం ఆనవాయితీ. కొత్త నీటిని సముద్ర లవణ మిశ్రమంతో వేరే పాత్రలో తయారుచేసి, లవణీయత, ఉష్ణోగ్రత సమానమైన తరువాతనే తొట్టిలో పోయాలి. వంట ఉప్పు ఇందుకు పనికిరాదు. పది శాతం మార్పుతో 20 ఉన్న నైట్రేటు 18కి మాత్రమే తగ్గుతుంది. కాబట్టి నీటి మార్పు మితిమీరిన ఆహారానికి విరుగుడు కాదు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

విద్యుత్తు ఆగినపుడు మొదట ముంచుకొచ్చే ముప్పు ఆమ్లజని కొరత. ఇన్వర్టరుపై కనీసం ఒక ప్రవాహ పంపునైనా, లేదా బ్యాటరీతో నడిచే గాలి పంపునైనా ఉంచాలి. తీగలపై జారే నీరు ప్లగ్గు వరకు చేరకుండా ప్రతి తీగను ప్లగ్గుకంటే కిందకు వంచి అమర్చాలి. విద్యుత్ లీకేజీని గుర్తించి సరఫరాను ఆపే రక్షణ పరికరం తప్పనిసరి. జోయాంథిడ్ జాతి పగడాలలో కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. వాటిని కోసేటపుడు చేతి తొడుగులు, కళ్ళజోడు ధరించాలి. అవి ఉన్న రాళ్ళను ఎన్నడూ వేడినీటిలో మరిగించరాదు. ఆ ఆవిరి పీల్చి కుటుంబ సభ్యులు ఆసుపత్రి పాలైన ఘటనలు కొన్ని దేశాలలో నమోదయ్యాయి.

చట్టం, సంరక్షణ

రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. భారతదేశంలో పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవులలో ఉన్నాయి. 2001లో రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో చేర్చారు. అందువలన వీటిని సముద్రంనుండి సేకరించడం, అమ్మడం నేరం. ఈ అభిరుచి చట్టబద్ధంగా ఉన్న దేశాలలో కూడా, తొట్లలోనే పెంచిన పగడాలనుండి కోసిన ముక్కలను ఇచ్చిపుచ్చుకొనే పద్ధతి విస్తరించింది. చిన్న ముక్క కొన్నేళ్ళలో పూర్తి పగడంగా ఎదుగుతుంది కాబట్టి, ఒక తొట్టిలో నీటిని నిలకడగా ఉంచగలిగితే అనేక తొట్లకు సముద్రాన్ని తాకకుండానే పగడాలు లభిస్తాయి.

ఇవి కూడా చూడండి

* పగడాలు
* ప్రవాళ భిత్తిక
* నత్రజని చక్రం