వెనక కూర్చున్న తమ్ముడు

2020 మార్చి 28న దూరదర్శన్‌లో 'రామాయణ్' మళ్లీ మొదలైంది. లాక్‌డౌన్ మొదటి వారం అది. ఊరంతా తలుపులు వేసుకుని ఇంట్లో ఉంటే, మన బ్యాంకు వాళ్లం మాస్కులు కట్టుకుని బ్రాంచికి వెళ్లొస్తున్న రోజులు. పొద్దున 9 గంటల ప్రసారం నాకు కుదిరేది కాదు, రాత్రి 9 గంటలదే దక్కేది. ఇంటికొచ్చి, బట్టలు బకెట్లో నానబెట్టి, స్నానం చేసి టీవీ ముందుకు చేరేసరికి పూణె నుంచి తమ్ముడి ఫోన్. "అక్కా, పెట్టావా?"

అలా ఫోను స్పీకర్‌లో పెట్టుకుని, చెరో ఊళ్లో కూర్చుని, కలిసి చూడటం మొదలుపెట్టాం. మొదట్లో నవ్వుకోవడమే సరిపోయింది. గాలిలో రెండు బాణాలు తీరిగ్గా ఎదురెదురుగా వచ్చి ఢీకొనడం, ఒక్క మాటకి సభలో ఉన్నవాళ్లందరి మొహాలూ వరసగా చూపించడం. 1987లో ఊపిరి బిగబట్టి చూసింది దీన్నేనా అనిపించింది. మా అమ్మాయి రెండు రోజులు చూసి, "ఇంత నెమ్మదిగానా!" అని లేచిపోయింది.

మూడో రోజో నాలుగో రోజో నేను అన్నాను: "అమ్మ ఒక్క ఆదివారం కూడా మనతో కూర్చుని చూడలేదురా. ఎప్పుడూ వంటింట్లోనే." అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆ మాట నా మనసులో చాలాకాలంగా ముల్లులా ఉంది. పక్కిళ్ల పిల్లలంతా మా ఇంట్లో చేరి చూస్తుంటే, ఇంటావిడ మాత్రం పొయ్యి దగ్గర.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత తమ్ముడు, "అదేంటక్కా, అమ్మ ప్రతి వారం చూసేది. నా పక్కనేగా కూర్చునేది" అన్నాడు.

ఇద్దరిలో ఎవరిది తప్పు? ఆ ప్రశ్న పట్టుకుని నేను కొంత చదివాను, కొంత ఆలోచించాను. అదే ఇక్కడ చెప్పాలని.

జ్ఞాపకం అనగానే మనకి లాకర్ గుర్తొస్తుంది. పెట్టింది పెట్టినట్టే ఉంటుంది, తాళం తీస్తే కనిపిస్తుంది అనుకుంటాం. నిజానికి అది అలా పనిచేయదు. బ్రిటిష్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే ఈ సంగతి రాశాడు. తన దగ్గరికొచ్చిన వాళ్లచేత ఒక పరాయి దేశపు జానపద కథ చదివించి, కొంతకాలం తర్వాత తిరిగి చెప్పమన్నాడు. వాళ్లు కొన్ని వదిలేశారు, కొన్ని తమకు తెలిసిన లోకానికి సరిపడేలా మార్చేశారు. అబద్ధం చెబుతున్నామని వాళ్లకే తెలియదు. గుర్తు చేసుకోవడం అంటే ఉన్నదాన్ని బయటికి తీయడం కాదు, మిగిలిన ముక్కలతో ప్రతిసారీ కొత్తగా కట్టుకోవడం. ఖాళీలు ఉన్నచోట 'ఇలాగే జరిగుంటుంది' అన్న ఊహ వచ్చి కూర్చుంటుంది.

మా ఇంట్లోనే దీన్ని పరీక్షించాం, 'మాయాబజార్'తో. చిన్నప్పుడు ఒక సంక్రాంతికి వీసీపీ అద్దెకు తెచ్చి, రాత్రంతా మూడు క్యాసెట్లు వేశారు. వాటిలో అదొకటి. ఇప్పుడు మళ్లీ చూసేముందు గుర్తున్నది విడివిడిగా కాగితం మీద రాసుకుందామన్నాను. తమ్ముడు రాసింది: భీముడు గద తిప్పుతూ వచ్చే సీను. నేను రాసింది: విందులో పసుప్పచ్చని లడ్లు.

1957లో కె.వి. రెడ్డి తీసిన ఆ సినిమాలో పాండవులు తెరమీదికే రారు. కథంతా వాళ్ల పిల్లల పెళ్లి చుట్టూ తిరుగుతుంది. అభిమన్యుడున్నాడు, సుభద్ర ఉంది, ఘటోత్కచుడున్నాడు. అర్జునుడు లేడు, భీముడు లేడు. మరి తమ్ముడు చూసిన గద ఎవరిది? చాలావరకు బి.ఆర్. చోప్రా 'మహాభారత్'ది అయ్యుండాలి. 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ దాకా ప్రతి ఆదివారం వచ్చింది కదా. ఘటోత్కచుడి గద, ఈ భీముడి గద వాడి తలలో ఒకే గూట్లో చేరిపోయాయి. ఇక నా లడ్ల సంగతి. సినిమా నలుపు తెలుపు. మా ఈసీ టీవీ కూడా నలుపు తెలుపే. 1982లోనే దేశంలోకి రంగుల టీవీ వచ్చినా మా ఇంటికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2010లో ఆ సినిమాని రంగులద్ది విడుదల చేశారు. అది చూసిన నా కళ్లు వెనక్కి వెళ్లి, పాత లడ్లకి రంగు పూసి వచ్చాయి. దృశ్యం మనసులో మిగులుతుంది, ఎక్కడ చూశామన్న చీటీ మాత్రం ఊడిపోతుంది.

ఆ చీటీని మళ్లీ అంటించగలిగేది పక్కన కూర్చుని చూసినవాళ్లే. స్నేహితులకు ఆ సీరియల్ తెలుసు, మన ఇల్లు తెలియదు. భర్తకో భార్యకో మనం చెప్పినంతే తెలుసు. బదిలీల ఉద్యోగాల ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. మా నాన్న కూడా బ్యాంకే. నాలుగేళ్లకో ఊరు, కొత్త బడి, కొత్త ఇరుగుపొరుగు. కర్నూలులో మేమున్న ఆ రెండు గదుల పోర్షన్‌ను చూసిన సాక్షుల్లో ఇప్పుడు నాకు రోజూ ఫోన్‌లో దొరికేది తమ్ముడొక్కడే.

పెద్దయ్యాక ఆ సంవత్సరాలే ఎందుకంత గట్టిగా లాగుతాయి అన్నదానికీ ఒక వివరణ ఉంది. నలభై దాటినవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే, సుమారు పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల లోపు జరిగినవే ఎక్కువగా చెబుతారని పరిశోధనల్లో పదేపదే తేలింది. మొదటిసారి జరిగేవి ఎక్కువగా ఆ వయసులోనే. 1987లో నాకు పదకొండేళ్లు, తమ్ముడికి అయిదు. అంటే నా జ్ఞాపకమే బలంగా ఉండాలి. నేనూ అదే పట్టుబట్టాను. "నీకేం తెలుసురా, నువ్వు అయిదేళ్ల వెధవ్వి" అన్నాను.

వాడు అప్పుడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "నువ్వెక్కడ కూర్చునేదానివి?"

ముందు వరసలో. చాప మీద, టీవీకి రెండు జానల దూరంలో, పక్కింటి పిల్లలతో కలిసి. కుర్చీలు మా వెనక. వాటి వెనక వంటింటి గడప. నేను ఆ ఏడాదిన్నరలో వెనక్కి తిరిగి చూసిన ఆదివారం ఒక్కటి కూడా గుర్తులేదు. చిన్నపిల్లల్ని ముందు కూర్చోనిస్తే తెరమీద వేళ్లు పెడతారని తమ్ముణ్ణి గడప దగ్గరికి పంపేవాళ్లం. ఆ పంపింది కూడా నేనే.

"అమ్మ గడప మీద కూర్చునేది. మధ్యలో పళ్లెం ఉండేది. ఏదో ఒలుస్తూ ఉండేది, నాకూ కొన్ని ఇచ్చేది" అన్నాడు.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆదివారం కూర నాకు గుర్తుంది. చిక్కుడుకాయలు, గోరుచిక్కుళ్లు, చలికాలమైతే అనపగింజలు. వారం వారం ఇదేనా అని నేను మొహం ముడుచుకోవడం గుర్తుంది. అన్నీ కూర్చుని ఈనెలు తీసేవి, ఒలిచేవి. నిలబడి తరిగి పోపు వేసే కూర ఒక్కటీ లేదు. నా దగ్గర కూర ఉంది, వాడి దగ్గర పళ్లెం ఉంది. ముప్పై మూడేళ్లుగా రెండూ వేరువేరు తలల్లో ఉండిపోయాయి.

వాడి జ్ఞాపకం నూటికి నూరుపాళ్లూ నిజమని నేను అనడం లేదు. గద సంగతి చూశాం కదా. కానీ ఇద్దరికీ ఒకరిది ఒకరికి తెలియకుండా గుర్తున్న రెండు విషయాలు ఇలా అతికితే, ఒక్కరు గట్టిగా చెప్పినదానికంటే దానికి విలువ ఎక్కువ. వోచరూ లెడ్జరూ వేరువేరు చేతులతో రాసి టాలీ చేసేవాళ్లం, మనకిది కొత్తగా చెప్పక్కర్లేదు.

అందుకే ముందు విడివిడిగా రాసుకోండి అంటాను. కలిసి కూర్చుని చెప్పుకుంటే ఎక్కువ గుర్తొస్తుందనుకుంటాం. పరిశోధకులు ప్రయోగాల్లో చూసింది వేరు. ఇద్దరూ విడివిడిగా రాసినవి కలిపితే వచ్చేదానికన్నా, కలిసి చెప్పుకున్నప్పుడు వచ్చేది తక్కువ. ఒకరు గుర్తు చేసుకునే వరసని రెండోవారి మాట చెదరగొడుతుంది. పైగా ఇంట్లో పెద్దవాళ్ల మాటే నెగ్గుతుంది. మా ఇంట్లో అయితే అక్క మాట. కాగితం మీద అయిదేళ్లవాడికీ పదకొండేళ్లదానికీ సమానమైన జాగా ఉంటుంది.

రామాయణ్ అయ్యాక 'మాల్గుడి డేస్' పట్టుకున్నాం. ఆర్.కె. నారాయణ్ కథల్ని శంకర్ నాగ్ 1986లో తీసింది. ఊరంతా కర్ణాటకలోని ఆగుంబెలో వేసిందే. పేర్లు పడేటప్పుడు కనిపించే బొమ్మలు గీసింది నారాయణ్ తమ్ముడు ఆర్.కె. లక్ష్మణ్. అన్న రాసిన ఊరికి తమ్ముడు రూపం గీశాడన్న సంగతి చిన్నప్పుడు మాకు తెలియదు. ఎల్. వైద్యనాథన్ సంగీతం మొదలవగానే ఇద్దరికీ ఒకేసారి మాట ఆగిపోయింది. పాత సంగీతానికి ఆ శక్తి ఉంది, కథ మొత్తం మర్చిపోయినా అది వినిపించగానే గది కనిపిస్తుంది.

అప్పట్లో మేము స్వామి పక్షం. బడి ఎగ్గొట్టడం, దెబ్బలు తప్పించుకోవడం, వాడి నాన్న అంటే భయం. ఇప్పుడు చూస్తే నా కళ్లు గిరీశ్ కర్నాడ్ వేసిన ఆ నాన్న మీదే ఉన్నాయి. కొడుకు కనబడకుండా పోయినప్పుడు ఆయన మొహం నేను అప్పుడు చూడనేలేదు. 'మాయాబజార్'లోనూ అంతే. అప్పుడు ఎస్వీ రంగారావు తినడం చూసి నవ్వాం. ఇప్పుడు మాయా శశిరేఖగా సావిత్రి, ఆ ఘటోత్కచుడి ఠీవినంతా తన నడకలోకి తెచ్చుకున్న తీరు చూసి రెండుసార్లు వెనక్కి తిప్పాం. సీరియల్ మారలేదు, సినిమా మారలేదు, చూసే కుర్చీ మారింది.

అన్నీ ఇలా నిలబడవు, అదీ చెప్పాలి. కొన్ని పది నిమిషాలకే విసుగొచ్చి ఆపేశాం. వాటిని చివరిదాకా చూడటం మొక్కు తీర్చుకోవడంలా అనిపించింది. పూర్తిగా చూడాలన్న పంతం ఎందుకు, ఒక భాగం చాలు. సగం సమయం మేము తెర వైపు చూడనే చూడం.

లాక్‌డౌన్ పోయింది, ఆదివారం ఫోన్ మాత్రం మిగిలింది. మొన్న మా అమ్మాయి పక్కన కూర్చుని మేము గీసుకున్న కర్నూలు ఇంటి పటం చూసింది. టీవీ, చాప, కుర్చీలు, గడప, పళ్లెం. "మరి తాతయ్య ఎక్కడ?" అంది.

ఇద్దరం ఆలోచించాం. నాన్న టీవీ కొనడానికి పండగ అడ్వాన్సు తీసుకోవడం నాకు గుర్తు. మిద్దె మీద యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం తమ్ముడికి గుర్తు. కుర్చీలో కూర్చుని ఒక్క భాగమైనా చూడటం ఇద్దరికీ గుర్తులేదు. ఆ రోజుల్లో లెడ్జర్లు బ్యాలెన్సు కాక ఆదివారాలు కూడా బ్రాంచికి వెళ్లేవారు, అదే అయ్యుండొచ్చని తమ్ముడు. కాదు, మిద్దె మీదే నిలబడి ఉండేవారేమోనని నేను.

పక్క పోర్షన్ పిన్నిగారు ఇంకా కర్నూలులోనే ఉన్నారు. ఎనభై దాటాయి. ఆవిడ కూర్చునేది కుర్చీల వరసలో. ఈ ఆదివారం ఆవిడకి ఫోన్ చేస్తున్నాం.