దూరపు పాఠము - దగ్గరి మార్గదర్శి

ఇంటిపట్టున నుండి ఉన్నతవిద్య నభ్యసించుట తెలుగువారికి క్రొత్త కాదు. 1982లో నెలకొల్పబడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమునం దట్టివానిలో మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టబడినది. నాడు పాఠములు అచ్చుపుస్తకములుగా చేరెడివి. నేడు ఇంటర్నెట్ ద్వారా చేతిఫోనులోనికే వచ్చుచున్నవి. 2017లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ‘స్వయం’ వేదికపై పాఠములను ఉచితముగా వినవచ్చును. యోగ్యతాపత్రము కోరువారు మాత్రము రుసుము చెల్లించి పరీక్ష వ్రాయవలెను.

అయితే పాఠము చేరినంతమాత్రమున విద్య చేరినట్లు కాదు. మద్రాసులోనో ఖరగ్‌పూరులోనో ఆచార్యుడు ఇంగ్లీషులో బోధించును. అమలాపురమున, యానామున, శబరి ఒడ్డున గల చింతూరున విద్యార్థులు విందురు. వారి భాష వేరు, ఆచారములు వేరు, ఎరిగిన లోకము వేరు. చింతూరు ప్రాంతపు కోయ విద్యార్థికి ఇంటి భాష కోయ, బడి భాష తెలుగు. ఇంగ్లీషు అతనికి మూడవ భాష.

మరియొక చిక్కు గలదు. గురువునకు ఎదురు ప్రశ్న వేయుట అవిధేయత యని మన పిల్లలలో పెక్కుమంది తలంతురు. “అర్థమైనదా?” యని అడిగిన, మర్యాదకొరకు “అయినదండీ” యందురు. వారి నెరుగని ఆచార్యునికి ఆ మౌనము శ్రద్ధలేమిగా తోచవచ్చును. తెలివిగల విద్యార్థి ఈ కారణముచేతనే నడుమ చదువు మానుకొనినచో, నష్టము ఆతని కుటుంబమునకును, గ్రామమునకును గూడ.

ఈ ఎడమును పూడ్చువాడే మార్గదర్శి. ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఐ.ఐ.ఎస్సీ. కలసి నడుపు ఎన్.పి.టి.ఇ.ఎల్. పాఠములకు కళాశాలలలో స్థానిక శాఖలు గలవు. అందు స్థానిక అధ్యాపకులే మార్గదర్శులుగా నుందురు. దూరపు ఆచార్యుని మాటను విద్యార్థి యెరిగిన లోకములోనికి తెచ్చుట వారి పని. నీటి ప్రవాహమును గూర్చిన పాఠమున ‘క్యూసెక్కు’ అను మాట వచ్చినదనుకొందము. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరని వల్లెవేయించుటకంటె, ధవళేశ్వరము తలుపులనుండి కాలువలోనికి సాగు నీటిని చూపి వివరించిన మేలు.

మార్గదర్శి “అర్థమైనదా?” యని యడుగక, “నీ మాటలలో చెప్పుము” అని యడుగవలెను. సందేహములను మొదట తెలుగులోనో కోయలోనో వ్రాయనిచ్చి, పిదప వానిని ఇంగ్లీషులోనికి మార్చుటకు తోడ్పడవలెను. ప్రశ్నించుట అమర్యాద కాదనియు, ఆచార్యుడు ప్రశ్నను కోరుచున్నాడనియు నచ్చజెప్పవలెను. విద్యార్థి యాసను గాని, ఆచారమును గాని పరిహసింపరాదు. తాను గూడ ఆతని భాషలో నాలుగు మాటలు నేర్చుకొనిన, విద్యార్థి భయము సగము తీరును.

తల్లిదండ్రుల సహకారము నంతే అవసరము. కోతలు, ఊడ్పుల రోజులలో సైతము చదువుకొను బిడ్డకు, ముఖ్యముగా ఆడబిడ్డకు, ఫోనును ఒక గంట నిశ్చింతగా విడువవలెను. గ్రామములోని పట్టభద్రులు వారమునకొక సాయంకాలము ఇట్టి విద్యార్థులను కూర్చుండబెట్టుకొని వారి సందేహములను వినవలెనని కోరుచున్నాము. దూరపు విద్య ఫలించుటకు దగ్గర నొక మనిషి యుండవలెనని మేము నమ్ముచున్నాము.