తెగిన పోగు

షోలాపూరులో మరమగ్గాల మీద దుప్పట్లు, తువ్వాళ్లు నేసేవారిలో తెలుగు పద్మశాలీలు ఎందరో ఉన్నారు. వారి పూర్వికులు బతుకుతెరువు కోసం తెలంగాణ ప్రాంతం నుండి అక్కడికి వెళ్లారు. మగ్గాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు!

గుడ్డలోని నిలువు దారాలను పడుగు అనీ, అడ్డు దారాన్ని పేక అనీ అంటారు. నేస్తుండగా పడుగులో ఒక పోగు తెగిందనుకోండి. మగ్గాన్ని ఆపి, కొసను వెతికి, సన్నని ముడివేసి, అది ఏ రంధ్రంలో నుండి వచ్చిందో అందులోనే మళ్లీ దూర్చాలి. చేయి తిరిగినవారికి ఇది కొద్దిపాటి పనే. కాని నేసిన సరుకును బట్టి కూలి ఇచ్చే చోట, మగ్గం ఆగిన ప్రతి నిమిషమూ నష్టంగానే తోస్తుంది. ఒక్క పోగే కదా అని వదిలివేస్తే? గుడ్డ పొడుగునా సన్నని సందు గీతలా సాగుతుంది. తెగిన కొస పక్క పోగులకు చుట్టుకొని వాటినీ తెంపుతుంది. అప్పుడు ముడివేయవలసినది ఒకటి కాదు, పది. నేసిన గుడ్డను విప్పి సరిచేయడం నేయడం కన్నా కష్టం.

ఈ చిక్కు నేతపని ఉన్న ప్రతి దేశంలోనూ ఉన్నదే. జపానుకు చెందిన సకిచి టొయోడా 1924లో ఒక మగ్గాన్ని పూర్తి చేశాడు. నాడెలో నూలు అయిపోతే అది ఆగకుండానే కొత్త నాడెను అందుకొనేది. పోగు తెగితే మాత్రం తనంత తానే ఆగిపోయేది! అందువల్లనే ఒక్క మనిషి అనేక మగ్గాలను చూసుకోగలిగాడు. అటువంటి ఏర్పాటు లేని మగ్గం దగ్గర ఆ కాపలా నేతగాని కంటిదే.