వృద్ధులు దప్పిక కాకమునుపే నీరు త్రాగవలెను



ఎండకు మొక్కజొన్న ఆకులు చుట్టుకొనుట మీరందఱు చూచినదే. కంకి వేయు దినములలో ఆకు వాడినపిదప నీరు కట్టినచో పైరు బ్రదుకును గాని గింజ నిండదు. కావున తెలిసిన రైతు ఆకు వాడువఱకు ఆగక, నేల తేమను జూచి నీరు కట్టును. ఇంటిలోని వృద్ధుల విషయమునను ఇదియే నియమము.

గత యాసంగి వరికోతల కాలమున నారాయణరావుపేటలో పొలములు చూడబోయినపుడు, అఱువదియేండ్లు దాటిన రైతొకడు గేదెలకు రెండుమాఱులు నీరు పెట్టి, తాను గ్రుక్కెడైనను త్రాగకుండుట గాంచితిని. త్రాగుమనగా "దూపైతలేదు బిడ్డా" యనెను. కొంతసేపటికి గట్టుమీదనుండి లేవబోయి, కన్నులు చీకట్లు క్రమ్మి కూలబడెను. నీడకు జేర్చి కొంచెము కొంచెముగ నీరియ్యగా తేఱుకొనెను.

ఆయన చెప్పినది అబద్ధము కాదు. వయస్సు మీఱినకొలది మెదడునకు దప్పిక తెలియుట మందగించును. మూత్రపిండములకు నీటిని నిలుపుకొను శక్తి తగ్గును. శరీరములోని నీటి పాలు సైతము పడుచువారికంటె తక్కువగును. కావున శరీరమునకు నీరు కావలసియున్నను నోరు అడుగదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఆరోగ్యవంతునకు దినమునకు సుమారు 8 గిలాసల నీరు, అనగా 2 లీటర్లు, అవసరమని చెప్పియున్నారు. ఎండలో పనిచేయువారికి ఇంకను ఎక్కువ కావలెను. అయితే గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుడు చెప్పిన కొలతనే పాటింపవలెను.

ఇంటివారు చేయవలసిన పనులివి: ప్రొద్దుననే 2 లీటర్ల నీరు వేఱుగ నొక పాత్రలో నింపి, పెద్దల చేతికందునట్లుంచుడు. సాయంకాలము ఎంత మిగిలెనో చూడుడు. లేవగనే యొక గిలాస, ప్రతి భోజనముతో నొకటి, మందులతో నొకటి యిచ్చుట యలవాటు చేయుడు. మజ్జిగ, అంబలియు ఈ లెక్కలో చేరును. కల్లు, సారాయి చేరవు. రాత్రి మూత్రమునకు లేవవలెనను భయముచే పెక్కుమంది నీరు మానుచున్నారు. అట్టివారు పగటిపూట ఎక్కువ త్రాగి, ప్రొద్దు గ్రుంకినపిదప తగ్గింపవచ్చును.

మూత్రము ముదురు పసుపుగా నుండుట, లేచినపుడు తల తిరుగుట, మలబద్ధకము, మాట తడబడుట నీరు చాలమికి గుర్తులు కావచ్చును. ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పినవారి నోట నీరు పోయరాదు. తడిబట్టతో ఒళ్లు చల్లబఱచుచు, వెంటనే 108 వాహనమును పిలువవలెను.

మన జిల్లాలోని గజ్వేలు మండలము, కోమటిబండలో 2016 ఆగస్టు 7వ తేదీన మిషన్ భగీరథ ప్రారంభింపబడినది. నల్లా నీరు వాకిటికి తెచ్చుట ప్రభుత్వపు పని. వాకిటినుండి తాత చేతికి, అవ్వ చేతికి అందించుట మాత్రము మన పని. వారడుగరు, మనమే యియ్యవలెను.