ఎదిగిన బిడ్డ అన్నం మానేస్తే - అనొరెక్సియా వ్యాధిలో తల్లిదండ్రులు చేయవలసినది

ప్రాణహిత ఒడ్డు పల్లెలలో మనిషి బక్కచిక్కితే ఎవరూ వింతగా చూడరు. మలేరియా, రక్తహీనత, క్షయ, సికిల్‌సెల్ వంటి కారణాలు గడ్చిరోలి జిల్లాలో ఎప్పుడూ ఎదురుగానే ఉంటాయి. అందువల్లనే మరొక కారణం చాలాకాలం ఎవరి కంటికీ ఆనదు. హన్మకొండలోనో, మంచిర్యాలలోనో, నాగ్‌పూర్‌లోనో హాస్టల్లో ఉండి చదువుకొంటున్న కూతురు దసరాకు సిరోంచకు వస్తుంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతుంటాయి. కంచంలోని అన్నాన్ని వేళ్లతో అటూ ఇటూ జరిపి, "కడుపు ఉబ్బినట్టున్నది" అని లేచిపోతుంది. సోమవారం ఒక్కపొద్దు, గురువారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. బిడ్డకు భక్తి పెరిగిందని ఇంటివారు మొదట సంతోషిస్తారు కూడా.

ఇటువంటి మార్పుల వెనుక అనొరెక్సియా నెర్వోసా అనే మానసిక వ్యాధి ఉండవచ్చు. 1870వ దశకంలో ఇంగ్లండు వైద్యుడు విలియం గల్ దీనికి ఈ పేరు పెట్టాడు. ఆకలి లేకపోవడమని ఆ మాటకు అర్థం. నిజానికి అది సరియైన పేరు కాదు. రోగికి ఆకలి ఉంటుంది. దానిని లోలోపల అణచివేస్తూ ఉంటుంది. ఎక్కువగా యువతులలో కనిపించినా యువకులకూ ఇది వస్తుంది. లావు అవుతామన్న భయమే దీనికి గుర్తు అని పాశ్చాత్య గ్రంథాలు చెబుతాయి. అయితే ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు ఖండేల్వాల్, ఆయన సహచరులు 1995లో ప్రచురించిన వ్యాసంలో వివరించిన ఐదుగురు యువతులలో ఆ భయం స్పష్టంగా కనిపించలేదు. హాంకాంగ్ వైద్యులు కూడా ఇటువంటి రోగులను చూశారు. వారు చెప్పేది కడుపు ఉబ్బరం, అన్నం సహించకపోవడం. "మా పిల్లకు సన్నబడాలన్న పిచ్చి లేదు గదా" అని తల్లి ధైర్యపడటానికి వీలులేదన్నమాట.

అన్నింటికంటే ముందు ఇతర వ్యాధులేవీ లేవని తేల్చుకోవాలి. సిరోంచ గ్రామీణ ఆసుపత్రిలోనో, అందుబాటులో ఉన్న మరొక వైద్యుని వద్దనో క్షయ, థైరాయిడ్, మధుమేహం, రక్తహీనతల గురించి అడగాలి. ఆ పరీక్షలు జరగకుండానే మనసు జబ్బు అనడం ఎంత తప్పో, గాలి సోకిందని పూజారి దగ్గర నెలలు గడపడం అంతకంటే పెద్ద తప్పు. ఎత్తు, బరువు కూడా రాయించుకోవాలి. కిలోల బరువును మీటర్ల ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె 18.5 కంటే తగ్గితే బరువు చాలదని అర్థం. 155 సెంటీమీటర్ల ఎత్తున్న యువతి 36 కిలోలే ఉంటే ఆ అంకె సుమారు 15. అది తీవ్రమైన స్థితి.

ఇంట్లో అందరినీ ఎక్కువగా బాధించేది బిడ్డ స్వభావం మారిపోవడం. నవ్వుతూ తిరిగిన పిల్ల చిరాకు పడుతుంది, ఒంటరిగా కూర్చుంటుంది, తాను తినకుండా ఇంటిల్లిపాదికీ వండిపెడుతుంది. దీనిని అర్థం చేసుకొనడానికి ఒక పాత ప్రయోగం తోడ్పడుతుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అరకొర భోజనం పెట్టాడు. వారి బరువు నాలుగోవంతు వరకు తగ్గింది. అంతకుముందు ఏ మానసిక జబ్బూ లేని ఆ యువకులు దిగులుపడ్డారు, కోపిష్ఠులయ్యారు, స్నేహితులకు దూరమయ్యారు. పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు. బిడ్డ మొండితనంలో ఎంతో భాగం పస్తులు తెచ్చిపెట్టినదే అని తెలిస్తే తండ్రి కోపం సగం తగ్గుతుంది.

పసిబిడ్డకు కొసరి కొసరి తినిపించవచ్చు. పదిహేనేళ్ల పిల్ల విషయంలో భోజనం బాధ్యతను కొంతకాలం తల్లిదండ్రులే చేతిలోకి తీసుకొనే చికిత్స ఉంది. లండన్‌లో 1980వ దశకంలో రూపొందిన ఆ పద్ధతి మంచి ఫలితాలిచ్చింది. ఇరవై దాటిన బిడ్డ దగ్గర ఆ అధికారం చెల్లదు. బలవంతం చేస్తే బిడ్డ హాస్టలుకు తిరిగి వెళ్లిపోతుంది, ఆపైన ఫోను ఎత్తదు. లండన్ మనోవైద్యురాలు జానెట్ ట్రెజర్ కుటుంబాలవారి పొరపాట్లను జంతువుల పేర్లతో వివరించింది. కంగారూ వంటివారు బిడ్డను సంచిలో దాచుకొంటారు. ఖడ్గమృగం వంటివారు వాదించి గెలవాలని మీదపడతారు. నిప్పుకోడి వంటివారు చూడనట్లు తల దాచుకొంటారు. ఆమె ఆదర్శంగా చూపినది డాల్ఫిన్‌ను: అది ఈదే మనిషి పక్కనే ఉంటూ, ఒకసారి ముందు దారి చూపి, ఒకసారి వెనుక నిలిచి ధైర్యమిస్తుంది. సిరోంచ వారికి ఏరు దాటించే మనిషిని తలచుకొన్నా చాలు.

ఆచరణలో ఇది చిన్న చిన్న మాటలలోనే ఉంటుంది. "తింటవా తినవా" అన్న పంతం కంచం ముందు పెట్టుకోరాదు. తీరికవేళ, ఇతరులు లేనప్పుడు, "బిడ్డా, నువ్వు సొమ్మసిల్లి పడ్డప్పటి సంది నాకు రందిగా ఉన్నది. ఒక్కసారి దవాఖానకు ఇద్దరం పోదాం" అనవచ్చు. ఒకసారి కాదంటే వారం తరువాత మళ్లీ అదే మెత్తదనంతో అడగాలి. "ఎంత బక్కగయినవే" అని చుట్టాలు అనకుండా తల్లి ముందే చెప్పి ఉంచాలి. "ఇప్పుడు జర ఒళ్లు చేసినవ్" అన్న మెచ్చుకోలు కూడా ఈ రోగి చెవికి శిక్షలాగే వినిపిస్తుంది. ఇంటి భోజనం వేళకు జరగాలి, అందరూ కలిసి కూర్చోవాలి, మాటలు పొలం గురించో పండుగ గురించో సాగాలి. తల్లి ఒక మాట, తండ్రి ఒక మాట చెప్పకూడదు. పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్న సలహా మాత్రం ఎవరిచ్చినా వినవద్దు. నెలసరి ఆగిన శరీరంతో, తిండి రహస్యంతో కొత్త ఇంటికి వెళ్లిన పిల్లకు అక్కడ అండ ఎవరు?

ఎదురుచూడకూడని సందర్భాలూ ఉన్నాయి. కింద గొంతుక్కూర్చుని చేతుల ఆసరా లేకుండా లేవలేకపోవడం, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవడం, నాడి నిమిషానికి 40 కంటే తగ్గడం, గుండె దడ, పాదాల వాపు, మాటిమాటికీ వాంతి చేసుకోవడం, విరేచన మాత్రలు వాడటం, చావు మాటలు - వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 2025లో కేరళలో ఒక కళాశాల విద్యార్థిని ఈ వ్యాధితో మరణించింది. మరొక ప్రమాదం ప్రేమవల్ల వస్తుంది. చాలాకాలం పస్తులున్న మనిషికి ఒక్కసారిగా కడుపునిండా పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె ఆగవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం చివర చెరనుంచి విడుదలైన బందీలలో వైద్యులు దీనిని గమనించారు. బాగా చిక్కిపోయిన బిడ్డకు ఆహారం ఎంతెంత పెంచాలో వైద్యుడే చెప్పాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, నిర్ణయం తీసుకోగల పెద్దవారిని వారి అంగీకారం లేకుండా చేర్చుకోరు. ఆ శక్తి దెబ్బతిన్నప్పుడు, రోగి నామినేట్ చేసిన ప్రతినిధి కోరితే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. ప్రాణాపాయంలో ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా 72 గంటల వరకు అత్యవసర చికిత్స చేయవచ్చు. బిడ్డ మనసు కుదుటగా ఉన్న రోజున ప్రతినిధిగా ఎవరుండాలో అడిగి కాగితం రాయించుకోవడం మంచిది.

సిరోంచ నుంచి గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లడమే చాలామందికి దగ్గర, భాష కూడా కలుస్తుంది. నాగ్‌పూర్‌లో ప్రాంతీయ మానసిక ఆసుపత్రి, హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నాయి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనో మరాఠీలోనో మాట్లాడవచ్చు. రోగి రానన్నా తల్లిదండ్రులు తమ కోసం చేయవచ్చు. ఈ వ్యాధిని నయం చేసే మాత్ర ఏదీ లేదు. బరువు పెంచే ఆహార ప్రణాళిక, వారం వారం సాగే మాటల చికిత్స - ఇవే మందు.

స్వీడన్ యువరాణి విక్టోరియాకు 20 ఏళ్ల వయసులో తిండికి సంబంధించిన వ్యాధి ఉందని 1997లో రాజప్రాసాదమే ప్రకటించింది. ఆమె కొన్నాళ్లు అమెరికాలో ఉండి కోలుకొంది, 2010లో పెళ్లి చేసుకొంది, ఇద్దరు బిడ్డల తల్లి అయింది. అందరికీ అంత త్వరగా తెరిపి రాదు. బోస్టన్ పరిశోధకులు ఇటువంటి వ్యాధులున్న మహిళలను రెండు దశాబ్దాలకు పైగా గమనించి 2017లో ఫలితాలు ప్రకటించారు. అనొరెక్సియా ఉన్నవారిలో తొమ్మిదేళ్లకు కోలుకొన్నది 31 శాతం మందే. ఇరవై రెండేళ్లకు ఆ సంఖ్య 63 శాతానికి చేరింది. తొమ్మిదో ఏట కూడా రోగంతోనే ఉన్నవారిలో సుమారు సగం మంది ఆ తరువాత కోలుకొన్నారు.