తలకు దెబ్బ... ‘ఏం కాలేదు’ అన్న తర్వాత

గత నవంబరులో ఊరికి వెళ్లినప్పుడు నాన్నగారు లైఫ్ సర్టిఫికెట్ ఫారం మీద సంతకం చేసి నా చేతికిచ్చారు. సంతకాలు చూడటం నాకు రోజువారీ పని. చూడగానే ఏదో తేడాగా అనిపించింది. ముప్ఫయి ఏళ్లకు పైగా నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన చెయ్యి ఆయనది. పేరు మొత్తం విడివిడిగా, ముత్యాల్లా రాస్తారు. ఆ రోజు అక్షరాలు చిన్నవైపోయి, చివరికొచ్చేసరికి గీత దాటి కిందికి జారిపోయాయి. కౌంటర్లో అయితే సంతకం కలవలేదని వెనక్కి పంపేవాణ్ణి.

“చెయ్యి నొప్పిగా ఉందా నాన్నా?” అని అడిగితే “పెన్ను బాగోలేదురా” అన్నారు. పెన్ను నాదే. బాగానే రాస్తుంది.

అప్పుడు అమ్మ ఒక్కొక్కటే చెప్పింది. వారం రోజులుగా పగలు కూడా నిద్రపోతున్నారు. పేపరు తిరగేస్తున్నారు తప్ప చదవడం లేదు. నడుస్తుంటే కుడికాలి చెప్పు జారిపోతోందని, కొత్త చెప్పులు కొనమని రెండుసార్లు అన్నారట. ఫోన్లో ఆయన మాట కాస్త నెమ్మదించినట్టు నాకూ అనిపించింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి కదా అని అమ్మలాగే నేనూ దాన్ని వయసు ఖాతాలో వేశాను.

నిజానికి దాని మూలం దసరా సెలవుల్లో ఉంది. పెరట్లో నాచు మీద కాలు జారి నాన్నగారు వెనక్కి పడ్డారు. బట్టలుతికే రాయి అంచు తలకు తగిలింది. నేను అక్కడే ఉన్నాను. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు, నిమ్మకాయంత బొప్పి కట్టింది. అమ్మ తడిగుడ్డ పెట్టింది. “ఏం కాలేదురా, హడావుడి చెయ్యకు” అన్నారు. చెయ్యలేదు. ఆయనకు గుండెలో స్టెంట్ వేసి నాలుగేళ్లయిందనీ, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు వేసుకుంటారనీ నాకు తెలుసు. ఆ విషయాన్నీ ఈ దెబ్బనూ కలిపి చూడలేదు. అది నా పొరపాటు.

ఆ దెబ్బకూ ఈ సంతకానికీ మధ్య దాదాపు అయిదు వారాలు. ఆ రాత్రే జిల్లా కేంద్రానికి తీసుకెళ్లి సీటీ స్కాన్ తీయిస్తే మెదడుకు ఎడమవైపు, పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం పొరలా పేరుకుని ఉంది. మెదడు ఎడమభాగం శరీరం కుడివైపును నడిపిస్తుంది. అందుకే కుడిచేతి సంతకం, కుడికాలి చెప్పు.

ఆ ఆసుపత్రి వరండాలో, తర్వాత డాక్టర్లను అడిగి నేను తెలుసుకున్న విషయాలే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. కానీ మనందరి ఇళ్లలో పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్నారు, స్కూటర్లూ జారే బాత్‌రూములూ ఉన్నాయి. తలకు దెబ్బ తగిలిన క్షణంలో మనం బొప్పి ఎంత ఉంది, రక్తం ఎంత కారింది అని చూస్తాం. నెత్తి చర్మానికి రక్తనాళాలు ఎక్కువ కాబట్టి చిన్న గాయానికే చొక్కా తడిసిపోతుంది. పైన చుక్క రక్తం రాకుండా లోపల కారడమూ ఉంది. చూడవలసింది ఆ తర్వాత మనిషిలో ఏం మారుతోంది అని. ఆ మార్పు గంటల్లో రావచ్చు, రోజుల్లో రావచ్చు, నాన్నగారికి వచ్చినట్టు వారాల తర్వాతా రావచ్చు.

వయసు పెరిగేకొద్దీ మెదడు కొద్దిగా కుంచించుకుపోతుంది. దాని ఉపరితలం నుంచి పై పొరకు వెళ్లే సన్నని సిరలు అప్పుడు సాగి ఉంటాయి. చిన్న కుదుపుకే ఒకటి చిట్లి బొట్టు బొట్టుగా కారుతుంది. లోపల ఖాళీ ఉంటుంది కాబట్టి వెంటనే ఒత్తిడి తెలియదు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లకూ, మద్యం బాగా అలవాటున్నవాళ్లకూ ఈ ప్రమాదం ఎక్కువ. రెండు నుంచి ఆరు వారాల తర్వాత మతిమరుపు, మగత, నడకలో తూలు, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, తగ్గని తలనొప్పి మొదలవుతాయి. చూసేవాళ్లు పక్షవాతమనో వృద్ధాప్యమనో అనుకుంటారు. గుర్తిస్తే మాత్రం చికిత్స ఉంది. నాన్నగారికి పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు చేసి పాత ఇంజిన్ ఆయిల్ రంగులో ఉన్న రక్తాన్ని తీసేశారు. మూడోరోజుకే పేపరు అడిగారు.

అరవై అయిదు దాటినవాళ్లూ, వయసుతో నిమిత్తం లేకుండా రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లూ తలకు దెబ్బ తగిలితే, బాగానే ఉన్నా అదే రోజు డాక్టరుకు చూపించాలి. మందుల చీటీ వెంట తీసుకెళ్లాలి. భయపడి ఆ మాత్రలను మీ అంతట మీరు ఆపేయకూడదు. స్టెంట్ ఉన్నవాళ్లకు అది మరో ప్రమాదం. మొదటి రోజు స్కాన్ బాగున్నా తర్వాతి కొన్ని వారాలు గమనిస్తూనే ఉండాలి.

ఇక గంటల్లో వచ్చే మార్పు. కణత దగ్గర పుర్రె ఎముక పలచగా ఉంటుంది, దాని లోపలివైపు ఒక ధమని ఉంటుంది. ఎముక చిట్లి అది తెగితే రక్తం వేగంగా పేరుకుంటుంది. ఇందులో మోసం ఏమిటంటే, దెబ్బ తగిలినవాళ్లు మొదట కాసేపు మామూలుగా మాట్లాడతారు, నడుస్తారు, టీ తాగుతారు. గంటల్లో పరిస్థితి తిరగబడుతుంది. పెద్దగా అనిపించని దెబ్బ కొద్దిసేపట్లోనే ప్రాణం మీదికి వచ్చిన సంఘటన క్రికెట్ అభిమానులకు గుర్తుండే ఉంటుంది. 1998 ఫిబ్రవరిలో ఢాకాలో క్లబ్ మ్యాచ్ ఆడుతున్న మన రమణ్ లాంబా, హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా ఫీల్డింగ్ చేస్తుండగా బంతి తలకు తగిలింది. లేచి, నడుచుకుంటూనే డ్రెస్సింగ్ రూముకు వెళ్లారు. కాసేపటికే పరిస్థితి విషమించింది. ఆపరేషన్ చేసినా మూడు రోజులకు కన్నుమూశారు.

అందుకే మొదటి ఇరవై నాలుగు గంటలు దెబ్బ తగిలిన మనిషిని ఒంటరిగా వదలకూడదు. హాస్టల్లో ఉండే పిల్లలకూ, మనలా బదిలీల మీద వేరే ఊళ్లో ఒంటరిగా గదిలో ఉండేవాళ్లకూ ఇది మరీ ముఖ్యం. పక్క గదివాళ్లకు చెప్పి ఉంచండి, లేదా ఆ రాత్రికి ఎవరింటికైనా వెళ్లండి.

ఒకటికి మించి వాంతులు కావడం, తలనొప్పి తగ్గకుండా పెరుగుతూ పోవడం, పిలిస్తే సరిగా లేవనంత మగత, తికమకగా మాట్లాడటం, మాట ముద్దగా రావడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవడం, ఒకటి రెండుగా కనిపించడం, ఫిట్స్, ముక్కు నుంచో చెవి నుంచో రక్తం లేదా నీళ్లలాంటి ద్రవం కారడం, దెబ్బ అక్కడ తగలకపోయినా రెండు కళ్ల చుట్టూ లేదా చెవి వెనక కమిలిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. దెబ్బ తగిలినప్పుడు కాసేపైనా స్పృహ తప్పినా, ఆ సమయంలో ఏం జరిగిందో గుర్తు లేకపోయినా, మెట్ల మీద నుంచో మేడ మీద నుంచో పడినా ఇదే మాట. 108కి ఫోన్ చేయండి. ఇతర రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు 112 గుర్తుంచుకోండి. దగ్గర్లోని క్లినిక్‌లో కుట్లు వేయించుకుంటే పని అయిపోయినట్టు కాదు. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి, వీలైతే న్యూరో సర్జన్ అందుబాటులో ఉన్నచోటికి వెళ్లాలి. మెడ నొప్పి అంటుంటే కదిలించకుండా అంబులెన్స్ వాళ్లు వచ్చేదాకా ఆగండి.

మన వృత్తి అలవాటు ఒకటి ఇక్కడ పనికొస్తుంది. ఒక కాగితం మీద టైము వేసి రాయండి. ఎన్ని గంటలకు పడ్డారు, వాంతి ఎప్పుడైంది, ఏ మాత్ర ఎప్పుడిచ్చారు. కంగారులో ఉన్న అయిదుగురు అయిదు రకాలుగా చెప్పేదానికంటే ఆ చీటీ డాక్టరుకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండేళ్లలోపు పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. మంచం మీద నుంచి పడ్డ పాప ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తున్నా, పాలు పట్టకపోయినా, మాడు ఉబ్బినట్టున్నా, బొప్పి మెత్తగా జావలా తగిలినా వెంటనే చూపించాలి. పడగానే ఏడ్చి, కాసేపటికి మళ్లీ ఆడుకుంటూ ఉంటే చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. ప్రతి బొప్పికీ స్కాన్ అక్కర్లేదు. ముఖ్యంగా పిల్లలకు అనవసరంగా రేడియేషన్ ఎందుకని డాక్టర్లే ఆలోచిస్తారు. “స్కాన్ రాయలేదు, సరిగ్గా చూడలేదు” అని గొడవపడకండి.

మన ఇళ్లలో కొన్ని అలవాట్లున్నాయి. బొప్పిని నూనె రాసి గట్టిగా రుద్దుతాం. రుద్దకూడదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు ఆనించి ఉంచితే చాలు. గాయంలో కాఫీపొడి అద్దుతాం. దాన్ని కడగడానికి తర్వాత నర్సు పడే పాట్లు నేను చూశాను. శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టడమే సరైన పని. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెడతాం. తాళాలు వద్దు, నోట్లో చెంచా అసలే వద్దు. పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద మెత్తగా ఏదైనా పెడితే చాలు. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచే అవకాశం ఉంది కాబట్టి మొదటి రెండు రోజులు డాక్టరు చెప్పకుండా వాడవద్దు. మద్యం, నిద్రమాత్రలు తీసుకుంటే ఏది మందు మత్తో, ఏది మెదడు మగతో తేల్చడం కష్టం.

తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని మా నాయనమ్మ అనేది. డాక్టరు చూసి ప్రమాదం లేదన్నాక నిద్రపోనివ్వవచ్చు, మెదడు కోలుకోవడానికి నిద్ర కావాలి కూడా. మొదటి రాత్రి రెండు మూడు గంటలకోసారి లేపి పేరు, ఊరు అడిగి చూడమని కొందరు డాక్టర్లు చెబుతారు. అలా చెబితే అలారం పెట్టుకోండి. లేపితే విసుక్కుని సరిగ్గా జవాబు చెప్పి పడుకుంటే మంచిదే.

ఈ జ్ఞానమంతా సంపాదించాక నా వంతు వచ్చింది. మార్చి నెలాఖరు. రాత్రి తొమ్మిది దాటాక బ్రాంచి నుంచి బయటికొస్తూ, ఫోన్ చూసుకుంటూ, సగం దించిన షట్టర్‌కు తల కొట్టుకున్నాను. ఆసుపత్రిలో చూశారు, స్కాన్ నార్మల్. మర్నాడు ముగింపు పనులు కదా, ఆఫీసుకు వెళ్లిపోయాను. ఒకే మెయిల్‌ను మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. నోట్ల లెక్కింపు యంత్రం చప్పుడు తల లోపల నుంచి వస్తున్నట్టుంది. ఒక వోచరులో సున్నా తక్కువ పడింది, సబ్ స్టాఫ్ చూసి చెప్పాడు. అతని మీదే విసుక్కున్నాను. ఇంట్లో మా ఆవిడ “ఇదే మాట ఇందాక అడిగారు” అంది.

దీన్ని కంకషన్ అంటారు. మెదడు కుదుపుకు లోనై దాని పనితీరు కొన్నాళ్లు దెబ్బతింటుంది. లోపల రక్తం ఉండదు కాబట్టి స్కాన్‌లో కనిపించదు. తలనొప్పి, తల తిరగడం, వెలుతురూ శబ్దమూ పడకపోవడం, ఏకాగ్రత లేకపోవడం, చిరాకు, నిద్ర తేడాలు దీని లక్షణాలు. దెబ్బ తగిలిన వెంటనే కాక కాస్త ఆగి కూడా బయటపడవచ్చు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రా టీ20లో జడేజా హెల్మెట్‌కు బంతి తగిలాక కూడా ఇన్నింగ్స్ ముగిసేవరకు బ్యాటింగ్ చేశాడు. డ్రెస్సింగ్ రూముకు వెళ్లాక తల తిరుగుతోందన్నాడు. బదులుగా దిగిన చాహల్ మూడు వికెట్లు తీశాడు. కంకషన్‌కు ప్రత్యామ్నాయ ఆటగాణ్ణి ఇచ్చే నిబంధన అంతర్జాతీయ క్రికెట్‌లో 2019లోనే వచ్చింది. కోలుకోకముందే మరో దెబ్బ తగిలితే నష్టం చాలా ఎక్కువ కాబట్టి పిల్లలను కూడా వెంటనే ఆటలకు పంపకూడదు.

చికిత్స సాదాసీదాదే. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, ఫోనూ కంప్యూటరూ బాగా తగ్గించడం. తర్వాత చీకటి గదిలో వారాల తరబడి పడుకోనక్కర్లేదు. నెమ్మదిగా నడక, అరపూట పని, లక్షణాలు పెరగకపోతే పూర్తి పని. తల తిరుగుతున్నంతకాలం బండి నడపకూడదు. పెద్దలకు ఎక్కువగా రెండు వారాల్లోపు సర్దుకుంటుంది, పిల్లలకు నెల పట్టవచ్చు. అంతకు మించితే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చదువుకునే పిల్లలు మార్కులు తగ్గి, ఊరికే కోప్పడుతుంటే “నాటకాలు” అనకుండా, ఈమధ్య ఎక్కడైనా తలకు తగిలిందా అని ఒక్కమాట అడగండి. బడిలో పడ్డ సంగతి తిడతారని దాచిపెట్టే పిల్లలు చాలామంది.

ఇయర్ ఎండింగులో సెలవు అడగడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ సున్నా విషయం చెప్పాక మేనేజరుగారే ఇంటికి పంపించారు. మూడు రోజులు ఇంట్లో, ఆపై వారం అరపూట పని. పదో రోజుకు యంత్రం చప్పుడు మామూలు చప్పుడైంది.

షట్టర్ అంచుకు ఇప్పుడు పసుపు నలుపు టేపు అతికించాం. పెరట్లో నాచు గీకించి, బాత్‌రూములో పట్టుకునే కడ్డీ బిగించాం. నాన్నగారు ఆ కడ్డీ మీద తువ్వాలు ఆరేస్తున్నారు, అమ్మ తీసేస్తోంది.